ఒక్కరికే ఇచ్చిన మాట

మొన్న చవితి పందిరి వేసిన మర్నాడు మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ ఒక సూచన పెట్టాడు. రెండో అంతస్తులో కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు ఒక్క దేవుణ్ణే కొలిచేవాళ్ళట, ప్రసాదం పుచ్చుకోరట, కాబట్టి పంచడానికి వెళ్ళేవాళ్ళు ఆ ఇంటి బెల్లు కొట్టవద్దని. మర్యాదగానే రాశాడు. కాసేపట్లో దాని కింద బొటనవేళ్ళు వరసగా లేచాయి. ఎవరూ తప్పు పట్టలేదు, ఎందుకని కూడా ఎవరూ అడగలేదు. నేను ఫోను బోర్లా పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఈ విషయం మీద వాదించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది, వినే ఓపిక కూడా ఈమధ్య తగ్గింది. కింద టీ బండి దగ్గర పోటీ పరీక్షల పిల్లలూ, పార్కు బెంచీ మీద నా ఈడువాళ్ళూ, టీవీలో పెద్దమనుషులూ నేను తప్ప నీకు వేరే దేవుడు ఉండకూడదన్న ఆ బైబిలు ఆజ్ఞను ఎన్ని విధాలుగా చీల్చి చూపిస్తారో విని విని అలిసిపోయాను.

నాకు దాని అర్థం తెలిసింది చదువువల్ల కాదు, మా అమ్మ చేసిన ఒక పొరపాటువల్ల. డైరీ రాయడం నాకు హైస్కూల్లో పట్టుబడిన అలవాటు, ఇది అంతకుముందటి సంగతి. అందుచేత తేదీ, వారం చెప్పలేను. జీవితమంతా తేదీ వేయనిదే వాక్యం రాయనివాడికి ఇది కొంచెం చిన్నతనంగానే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడి ఆఫీసులు హైదరాబాదుకు మారినప్పుడు నాన్న ఉద్యోగంతోపాటు మేమూ గోదావరి వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఒక పెంకుటింట్లో సగం వాటాలో దిగాము. మెట్రో స్తంభాలు లేవలేదు గనుక అప్పట్లో మా గల్లీకి ఎండ కూడా బాగానే వచ్చేది. రెండో వాటాలో ఒక క్రైస్తవ దంపతులు ఉండేవారు. ఆయన రైల్వేలో గుమాస్తా, ఆవిడ నారాయణగూడలో చిన్నపిల్లల బడిలో టీచరు. ఆవిడ అమ్మను అక్కా అని పిలిచేది గనుక మాకు పిన్ని అయింది. ఇద్దరికీ ఒకటే నల్లా, ఒకటే వాకిలి, బట్టలారేసుకునే తీగ కూడా ఒకటే. అమ్మకు ఈ ఊరి మాట నేర్పింది పిన్నే. పిన్నికి గోంగూర పచ్చడి మా పద్ధతిలో నూరడం నేర్పింది అమ్మ.

అన్నీ తినేది పిన్ని, ఒక్క ప్రసాదం తప్ప. ఆ సంగతి మాకు తెలిసింది మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్న రోజున. అప్పుడు పిన్ని నిండు గర్భిణి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవక చాలా బాధపడిన మనిషి. అమ్మ ఆకులో ప్రసాదం పెట్టుకుని వెళితే, ఆవిడ రెండు చేతులూ జోడించి, ఏమీ అనుకోవద్దని, తమ దేవుడి ఆజ్ఞ ప్రకారం వేరే దేవుడికి పెట్టింది తాను తినకూడదని చెప్పింది. అమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. అమ్మకు భయం వేసింది. ప్రసాదం కాదన్నవాళ్ళు ఏమయ్యారో ఆ పొద్దుటే వ్రతకథలో చెవులారా విని వచ్చింది మరి. కడుపుతో ఉన్న పిల్ల, ఇప్పటికే రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల, తెలియక వద్దన్నదే అని రాత్రంతా మథనపడి, మర్నాడు రవ్వకేసరి చేసి, అందులో చిటికెడు ప్రసాదం ఎవరికీ కనబడకుండా కలిపి పట్టుకెళ్ళింది. ప్రసాదమూ నూకే, కేసరీ రవ్వే. పిన్ని ఎంతో ఇష్టంగా తిన్నది.

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున అమ్మ సంతోషం పట్టలేక, నువ్వు వద్దన్నా నేను ఊరుకోలేదే పిచ్చిదానా, ఆ కేసరిలో కాస్త కలిపే పెట్టాను, అందుకే గండం గడిచిందని, మంచం పక్కన కూర్చుని నవ్వుతూ చెప్పేసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పిన్ని ముఖంలో రక్తం దిగిపోవడం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. బిడ్డ వైపే చూస్తూ మెల్లగా అంది.

"నీ దేవుణ్ణి నేను తక్కువ చేస్తలేనక్కా. నేను ఒక్కరికే మాటిచ్చిన, గంతే. బిడ్డలు పోయినప్పుడు సుత ఆ మాట ఇడువలే. నువ్వు నాకు తెల్వకుండనే ఇడిపించినవ్."

అమ్మ లేచి వచ్చేసింది. ఆ తరవాత నల్లా దగ్గర ఇద్దరూ బిందెలు మార్చుకునేవారేగాని మాటలు లేవు. పిన్ని మా ఇంటి నుంచి ఏది వెళ్ళినా పుచ్చుకోవడం మానేసింది, మంచినీళ్ళు కూడా. నేను ప్రేమతోనే కదా చేశాను అని అమ్మ నాన్నతో అంటూ ఉండేది. ప్రేమతో చేశావు, అడిగి చేయలేదు అనేవారు నాన్న. అమ్మ నిజంగా చిక్కిపోయింది. పిన్ని చంటిపిల్లతో, నిద్రలేని కళ్ళతో ఒక్కతే అవస్థపడుతుంటే గోడకివతల కూర్చుని ఆ ఏడుపు వినడం అమ్మకు పెద్ద శిక్ష అయింది.

మళ్ళీ మా ఇంట్లో పూజ వచ్చింది. అమ్మది గట్టి మడి. స్నానం కాకుండా పొయ్యి ముట్టుకోవడం, దేవుడికి చూపకుండా ఒకరికి మెతుకు తీసిపెట్టడం ఆవిడ ఎరగదు. అలాంటి మనిషి ఆ రోజు తెల్లవారుతూనే, పాచిచీరతో, జుట్టయినా దువ్వుకోకుండా పొయ్యి వెలిగించి కేసరి కలపడం మొదలుపెట్టింది. నాన్న తెల్లబోయి ఇదేమిటన్నారు. దేవుడు కాస్త ఆగుతాడులెండి అంది, గిన్నెలోంచి తలెత్తకుండానే. అలాగే వెళ్ళి పక్క వాటా తలుపు తట్టింది.

"స్నానం చేయకుండా వండానమ్మా. ఇది ఏ దేవుడికీ పనికిరాదు. అనుమానం లేకుండా తిను."

పిన్ని గిన్నె వైపు, అమ్మ రేగిన జుట్టు వైపు మార్చి మార్చి చూసింది. "అంటే ఏంది, పాచి మొఖంతోని వండింది నాకు తెచ్చినవా అక్కా?" అంది. అని, నవ్వుతూనే ఏడ్చేసింది. అమ్మ కూడా అంతే. పిన్ని గడప మీదే కూర్చుని గిన్నెలోంచి తీసుకుని తిన్నది. అమ్మ బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, తీరిగ్గా ఆడించి, ఎప్పటికో స్నానానికి లేచింది. ఆ రోజు పూజ మధ్యాహ్నం దాటింది. మేమంతా ఆకలితో నకనకలాడాము.

ఆ తరవాత బాగ్‌లింగంపల్లి సభల్లో, ఆఫీసులో, పుస్తకాల్లో ఆ ఆజ్ఞకు ఎన్నో వ్యాఖ్యానాలు విన్నాను, చదివాను, చాలావాటిని శ్రద్ధగా డైరీలో ఎక్కించాను. ఇతర దేవుళ్ళ మీద అసూయ అన్నవారున్నారు, మిగతావాళ్ళను బయట నిలబెట్టే గోడ అన్నవారున్నారు. నాకు మాత్రం పాలిపోయిన పిన్ని ముఖమే గుర్తొచ్చేది. ఆవిడకు అది ఎవరినీ కాదనడం కాదు. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్నాక కూడా ఒకరికిచ్చిన మాట మీద నిలబడటం. ఆ మాటకు అమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు, ఒప్పుకోవలసిన పనీ పడలేదు. దాని విలువ మాత్రం తెలుసుకుని, తన నియమం ఒక పూట పక్కన పెట్టింది.

మా అపార్ట్‌మెంటులో ఇప్పుడు అంత కష్టం ఎవరికీ లేదు. ఒకరు వద్దంటే మరొకరికి భయం వేయదు, నిద్ర పట్టకపోవడం ఉండదు, పొరపాటు చేసి ఏడ్చే అవసరం అసలే రాదు. ఆ రెండో అంతస్తువాళ్ళ పేర్లేమిటో గ్రూపులో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఈ ఏడు ప్రసాదం పంపకం త్వరగా, ఏ గొడవా లేకుండా అయిపోయింది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. నొచ్చుకునేంత దగ్గరగా ఎవరూ లేరు మరి.