డబ్బా మీది వేగం

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. కల్వకుర్తిలో మాకొక చిన్న స్టూడియో ఉంది. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు వెళ్తాడు. ఆయన తెచ్చినదంతా నేను కంప్యూటర్ ముందు కూర్చుని కత్తిరించి, అతికించి, పాటలు కలిపి పెళ్లివాళ్లకు అందిస్తాను. కొత్త కెమెరా కొన్నాక పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేకపోయింది. తలంబ్రాలు పోస్తుంటే బొమ్మ ఆగిపోయేది, బియ్యం గాలిలోనే నిలిచిపోయేవి. అందుకని హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కొత్తది కట్టించుకున్నాం. ఏయే భాగాలు కావాలో నేనే చదివి తెలుసుకుని చెప్పాను.

కొత్తదానిలోనూ బొమ్మ తడబడింది. ఎందుకా అని లోపలి వివరాలు తెరిచి చూశాను. ర్యామ్ వచ్చిన డబ్బా మీద వేగం 3200 అని పెద్ద అంకెలతో ఉంది. తెర మీద మాత్రం 2133 అని చూపిస్తోంది.

దుకాణానికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మీ దిక్కు కరెంటు సక్కగుండదు మేడం. ఊళ్లల్ల గట్లనే ఉంటది," అన్నాడు దుకాణదారు.

"కరెంటుకు, ర్యామ్ స్పీడుకు ఏం సంబంధం?"

"ఇంట్ల అన్న లేడా? జర ఫోన్ అన్నకియ్యుండి, నేను సమజ్ చేస్త," అన్నాడు.

నేను ఇవ్వలేదు. పక్కనే ఉండి వింటున్న మా ఆయన తనే చెయ్యి చాపి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "ఆ అన్న, సరే అన్న," అని విని పెట్టేశాడు.

"నడుస్తాంది గద, గట్లనే నడవనియ్యుండి అంటుండు," అన్నాడు నాతో.

"నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

ఇంకేమైనా అంటే ఏడుపొస్తుందని, ఆ ఏడుపును వాళ్లిద్దరూ ఇంకోలా అర్థం చేసుకుంటారని నోరు మూసుకున్నాను.

మర్నాడు మెషీన్ మూత విప్పాను. అంతకుముందే కొంత చదివాను. డబ్బా మీద రాసిన వేగం దానంతటదే రాదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల పేజీలోకి వెళ్లి దాన్ని ఎంచుకోవాలి. మెషీన్ కట్టినవాడు చేయాల్సిన పని అది. నేనే చేశాను. తెర నల్లబడిపోయి మళ్లీ వెలగలేదు.

మా ఆయన వెనక నిలబడి, "ఖరాబ్ జేసినవా ఏంది?" అన్నాడు.

బోర్డు మీద బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది. దాన్ని తీసి, కాసేపాగి పెడితే సెట్టింగులు మళ్లీ మొదటికి వస్తాయి. అలా చేశాక తెర వెలిగింది, పాత వేగంతోనే. అప్పుడు రెండు ర్యామ్ ముక్కలనూ బయటకు తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఒకటి రాసిన వేగంతో చక్కగా నడిచింది. రెండోదాన్ని అదే జాగాలో పెడితే మళ్లీ నల్ల తెర. అనుమానం తీరేదాకా మార్చి మార్చి చూశాను. ప్రతిసారీ అదే జరిగింది.

ఆ రెండో ముక్కను వెలుతురులో పట్టుకున్నాను. స్టిక్కరు అంచు లేచి ఉంది. కింద ఇంకో స్టిక్కరు పీకేసిన జిగురు మరక. కొత్తదని మాకిచ్చినది అది.

హైదరాబాద్ బస్సెక్కి ఇద్దరం వెళ్లాం. దుకాణదారు మా ఆయనకు స్టూలు జరిపి, "ఏమైందన్న?" అని అడిగాడు. ముక్కలు రెండూ నేను గల్లా మీద పెట్టాను.

"ఇది ఫుల్ స్పీడ్‌ల నడుస్తది. ఇది నడవది. మీ మిషన్లనే పెట్టి చూడుండి."

"స్పీడ్‌కు గ్యారంటీ ఉండది మేడం."

"మరి డబ్బా మీద ఎందుకు రాసిండ్రు? గీ స్టిక్కర్ కింద జిగురెట్లొచ్చింది?"

పక్కన కొనడానికి వచ్చినవాళ్లు ఇటు తిరిగారు. నేను గొంతు పెంచలేదు, అక్కడి నుంచి కదల్లేదు కూడా. చివరికి అతను తన మెషీన్లో పెట్టి, డబ్బా మీది వేగానికి మార్చాడు. నల్ల తెర. లోపలికి పోయి ఇంకో డబ్బా తెచ్చాడు. తెచ్చి మా ఆయన చేతికిచ్చాడు.

ఆయన చేతిలోంచి నేను తీసుకున్నాను. "ఈడనే ఇప్పి, నడిపిచ్చి సూపియ్యుండి," అన్నాను. విప్పక తప్పలేదు. ఈసారి రెండు ముక్కలూ కలిసి 3200కు నడిచాయి.

తిరుగు బస్సులో మా ఆయన అన్నాడు: "మార్చి ఇచ్చిండు గదా. ఇంకేందే కోపం?"

"వాడు ఫోన్ నీకియ్యమన్నడు. నువ్వు తీసుకున్నవ్."

"అలవాటుల పోయింది."

"నీ కెమెరా సంగతి నిన్ను కాదని నన్నడిగితే నువ్వు ఊకుంటవా?"

ఆమనగల్లు దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు.

ఇంటికొచ్చి బిగించాను. వేగం డబ్బా మీద ఉన్నట్టే చూపించింది. కానీ బొమ్మ తడబాటు కాస్త తగ్గిందే తప్ప పోలేదు. అసలు కారణం కొత్త కెమెరా ఇచ్చే బరువైన ఫైళ్లు. వాటికి తేలిక నకళ్లు చేసుకుని, వాటి మీద ఎడిట్ చేయాలని ఆ తర్వాత తెలిసింది.

మా ఆయన నవ్వాడు. "గింత ఫరక్ కోసమా గంత కొట్లాట?"

"ఫరక్ కోసం కాదు. వాడు పాతది అంటగట్టిండు. అడిగితే నాతోని మాట్లాడనన్నడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నేను గట్ల ఫోన్ తీసుకోకుండ ఉండాల్సుండె," అన్నాడు మెల్లగా.

ఆ మాటతో నా కోపం చల్లారిందని చెబితే అబద్ధం. అవునని తలూపి, తెర వైపు తిరిగి పనిలో పడ్డాను.