మేకలగుండు మీద ఎస్తేరు కోపం

ఎస్తేరుకు కోపమొస్తే అరవదు. చేతిలో ఏ పని ఉంటే దాని మీద చూపిస్తుంది. బియ్యం కడిగితే గింజలు విరిగేవి, చొక్కాలు ఉతికితే గుండీలు ఊడేవి. ఎనభై నాలుగు వేసవిలో ఆ కోపం ఒక నైలాన్ తాడు మీద పడింది.

ఆమె మొగుడు కృపావరం విజయపురి సౌత్‌లో డ్యాము గేట్ల దగ్గర నీళ్లలో మునిగి పనిచేసేవాడు. సెలవు రోజున పెద్దసారును అడిగి గాలి సిలిండరు తెచ్చుకుని, సాగర్ అడుగున రాళ్లకు చిక్కిన జాలర్ల వలలు విడిపించేవాడు. మునిగినప్పుడల్లా నడుముకో తాడు. దాని రెండో కొస మొదట్లో ఎస్తేరు తమ్ముడు పట్టుకునేవాడు. వాడు చిలకలూరిపేట మిల్లుకు పోయాక, పరాయి చేతికి ఇవ్వనని ఆమే పడవెక్కింది. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే తాడు వదలమని, మూడుసార్లు లాగితే పైకి లాగమని గుర్తు. ఇంట్లో మాటల్లేని రోజుల్లో కూడా ఆ తాడు మీద మాట్లాడుకునేవాళ్లు.

ఆ రోజు వల చిక్కింది మేకలగుండుకు. సాగర్ నిండకముందు అది లోయలో నిలబడ్డ రాతిగుట్ట. చిన్నప్పుడు ఎస్తేరు దాని మీదే మేకలు కాసింది. ఇప్పుడు వేసవిలో కొన మాత్రం నీళ్ల పైకి తేలుతుంది. కింద చుట్టూతా మనిషెత్తు నాచు, అడవిలాగా.

కృపావరం ఒడ్డునే తాడు విప్పి పడవలో పడేశాడు. నాచులో మెలిపడితే అదే ఉరి అవుతుందన్నాడు. వీపున గాలి మోసుకుపోతుంటే తాడెందుకన్నాడు. పడవ నడిపే మౌలాలీ కూడా నిజమేనన్నాడు.

"గాలి అయిపోతే నాకు కబురెవరు చెప్తారు? చేపలా?" అంది ఎస్తేరు.

"నువ్వు ఇంటికాడే ఉండు పో."

ఆమె ఇంటికాడ ఉండలేదు. పడవ ముందు కొసన కూర్చుని, తాడును చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. అతను మునిగాక ఆమెకు మిగిలింది నీటి మీద బుడగలే. అవి గుండు చుట్టూ తిరిగి, పడమటి పక్కన ఒకచోట ఆగిపోయాయి. ఎంతసేపటికీ కదల్లేదు. వల అతన్నే పట్టేసిందనుకుంది. మౌలాలీ ఇంకాసేపు చూద్దామన్నాడు. ఆమె వినలేదు. ఆ చోటు కింద మేకలు పడుకునే రాతి అరుగుందని ఆమెకు తెలుసు. లంగరు రాయి తాడుకు కట్టి, అందుకుంటాడని నేరుగా అక్కడికే దించింది.

తాడు ఒక్కసారి కదిలింది. బాగున్నాడట.

కాసేపటికి వలతో పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నాడు.

"రాయి నెత్తిన పడేది గదే."

"పడాల్సింది. ఏం చేస్తన్నావ్ ఆడ?"

"కూచున్నా."

వల తొందరగానే ఊడిందట. గాలి ఇంకా ఉందట. ఆమె ఎప్పుడో చెప్పిన మేకల అరుగు కనబడితే ఎక్కి కూర్చున్నాడట. నెత్తి మీద నాచు జొన్నచేనులా ఊగుతుంటే, నడుమ చేపపిల్లలు పిట్టల్లా పోతున్నాయట.

"ఇద్దరికి చోటుందే," అన్నాడు.

"నేను పైన చచ్చి బతుకుతుంటే నువ్వు కింద షికారు చేస్తన్నావా?"

మౌలాలీకి నవ్వొచ్చింది. ఆమె చూసిన చూపుకు తెడ్డు వైపు తిరిగిపోయాడు.

కృపావరం పడవెక్కగానే ఎస్తేరు అతని నడుముకు తాడు కట్టింది, ముడి మీద ముడి. పని అయిపోయింది గదా అన్నా వినలేదు. ఒడ్డు నుంచి బస్టాండు మీదుగా, గురజాల బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తుండగా, కొస చేతిలో పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చింది. అతను తల వంచుకుని నడిచాడు గానీ ముడి మీద చెయ్యి వెయ్యలేదు.

ఆ తర్వాత తాడు లేకుండా మునగలేదు. తాడు మెలిపడకుండా నాచులో పోయిన దారినే తిరిగొచ్చేవాడు. మేకలగుండు దగ్గర మాత్రం తాడు నాలుగుసార్లు కదిలేది. కూర్చున్నానని దానర్థం. ఎస్తేరు పళ్లు కొరుక్కుంటూ, అతను అరుగు మీద నుంచి జారేటంత గట్టిగా, ఒకసారి లాగి వదిలేది.