కర్పూరం వెలగక ముందే విన్న గొంతు

ఒట్టు వేసి చెప్పమంటారా? వెయ్యను. ఆ రాత్రి తర్వాత ఒట్టు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది.

కనిగిరి దగ్గర ఒక ఊరి గుడి మండపం. గోడల మీద పాత బొమ్మలు. వాటి మీద ఎప్పుడో కొట్టిన సున్నాన్ని మెల్లగా గీకి తియ్యడం నా పని. నాకు తోడు పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నం పనివాడు కోటయ్య. ఆ వారం ఒక బొమ్మ బయటపడింది. కాగే నూనె బాన. అందులో చెయ్యి పెడుతున్న మనిషి. దొంగతనం మోపారు కాబోలు... చుట్టూ అందరూ అతన్నే వేలెత్తి చూపిస్తున్నారు.

సరిగ్గా అప్పుడే అమ్మవారి వెండి కిరీటం కనపడకుండా పోయింది. ధర్మకర్త నేరుగా కోటయ్య మీదికొచ్చాడు.

"ఏరా, బయటోడివి నువ్వేగా! తెల్లారి ఆ బొమ్మ ముందే వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్. చెయ్యనన్నావో, కేసే!"

"నేనూ బయటిదాన్నేగా అండీ?" అన్నాను.

"మీరు చదువుకున్నోళ్ళమ్మా" అన్నాడు. ఛీ, అదేం మాట!

రాత్రికి కోటయ్యను మండపంలోనే ఉంచారు. కొడతారేమోనని నేనూ ఉండిపోయాను. "చెయ్యి కాలితే తాపీ ఎట్టా పట్టుకోనమ్మా?" అని ఒకటే గొణిగాడు.

కరెంటు పోయింది. చీకటి... సున్నం వాసన... కాసేపటికి ఆ వాసన మారింది. నూనె. మరిగే నూనె. తర్వాత చప్పుడు... సుయ్... సుయ్... దగ్గర్లో ఇల్లు లేదు, పొయ్యి లేదు.

"నేను తియ్యలేదయ్యా..."

బొంగురు గొంతు. ఏడుపు ఆపుకుంటున్న గొంతు.

"ఊరుకో కోటయ్యా" అంటూ ఫోన్ లైటు వేశాను. కోటయ్య నా పక్కనే ఉన్నాడు... నోరు గట్టిగా మూసుకుని... గోడ వంకే చూస్తూ.

"నేను మాట్లాడలేదమ్మా..."

మళ్ళీ వినిపించింది... "తియ్యలేదయ్యా..." గోడలోంచి! చెయ్యి చాచి ఆ బాన బొమ్మను ముట్టుకున్నాను. వేడి... అప్పుడే పొయ్యి మీంచి దించిన మూకుడంత వేడి. కోటయ్య నన్ను వెనక్కి లాగేశాడు. ఇక తెల్లారేదాకా ఇద్దరం ఆ గోడకు దూరంగా కూర్చున్నాం.

పొద్దున్నే ఊరంతా చేరింది. మామూలుగా ఒక కర్పూరం బిళ్ళ వెలిగిస్తారు. ధర్మకర్త గుప్పెడు పోయించాడు. నేను అడ్డం వెళ్తే పక్కకు నెట్టారు. కోటయ్య మంట మీద అరచెయ్యి అదిమాడు.

"నేను తియ్యలేదయ్యా..."

అదే గొంతు. అదే బొంగురు, అదే ఏడుపు. రాత్రి నేను విన్నది ఇదే!

కిరీటం తర్వాత దొరికింది. మెరుగు పెట్టించడానికి ధర్మకర్త ఇంటివాళ్ళే ఒంగోలు పంపి మరిచిపోయారట! తప్పైందని ఒక్కరూ అనలేదు. పైగా ఆ బొమ్మ అరిష్టమని మళ్ళీ సున్నం కొట్టించారు. ఎవరితో? కోటయ్యతోనే! కూలి కోసం వచ్చాడు పాపం. కుడి చేతికి ఇంకా కట్టు ఉంది. ఎడం చేత్తో కొట్టాడు.

ఆఖరి పూతకు ముందు ఆ బొమ్మలో మనిషి మొహాన్ని చాలాసేపు చూశాడు.

"మొదట దీని మీద సున్నం కొట్టినోడి చెయ్యి కూడా కాలే ఉంటదా అమ్మా?"

ఆ రాత్రి ఏడ్చింది గోడలో మనిషో, తెల్లారితే కాలబోయే కోటయ్యో... నాకు ఇప్పటికీ తెలియదు.