పాలు పొంగిన అద్దాలపెట్టె

లోకసాక్షియైన సూర్యనారాయణమూర్తికి అంజలి ఘటించి, మాఘ శుద్ధ సప్తమి నాడు ఈ జ్ఞాపకాన్ని అక్షరబద్ధం చేస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము కలకత్తా చెంత సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. వీధుల్లో ఎర్రజెండాల ఊరేగింపులు తరచుగా సాగే కాలమది. తెల్లవారగానే ప్రతి ముంగిటా బొగ్గుపొడి ఉండలతో కుంపటి రాజుకునేది. చలికాలంలో ఆ పొగ మంచుతో కలిసి పొద్దెక్కేదాకా కదిలేది కాదు. రెండేళ్ల మా చెల్లెలు డొక్కలెగరేస్తూ ఊపిరి తీసేది. పొగ మానకపోతే పిల్ల దక్కదని వైద్యుడు నిష్కర్షగా చెప్పాడు. గ్యాసు కోసం పేరు వ్రాయించి నాన్న ఎదురుచూస్తున్నాడు.

పక్కింటి తెలుగు అక్క ఏదో సేవాసంఘంలో పనిచేసేది. ఒక ఆదివారం ఆమె ఎండతో వండే పెట్టెను తెచ్చింది. లోపల నల్లరంగు పూసిన రేకు, పైన గాజుపలక, ఎత్తిన మూతకు ఎండను లోపలికి మళ్లించే అద్దం. అందులో కందిపప్పు మెత్తగా ఉడికింది. మా నాయనమ్మ రుచి చూసి మెచ్చుకొంది కాని, పెట్టెను ఇంట ఉంచనీయలేదు. శ్రీకాకుళం నుండి వచ్చిన ఆమె లెక్కలో, కొత్త పొయ్యి మీద మొదట పాలు పొంగాలి. పెట్టెలో పెట్టిన పాలు వెచ్చగా కాగి మీగడ కట్టాయే తప్ప పొంగలేదు.

“పాలు పొంగనిది పొయ్యేటే? దాన్ని నీ ఇంటికే అట్టుకుపో” అన్నది.

నాన్న కోప్పడ్డాడు. వైద్యుని మాట పదిసార్లు గుర్తుచేశాడు. ఆమె చెల్లెలిని ఒడిలో వేసుకుని వీపు నిమురుతూ కూర్చుందే గాని మెత్తబడలేదు. అక్క మాత్రం వాదించకుండా పక్కన చతికిలబడి, “పాలు పొంగితే ఏటవుద్ది మామ్మా?” అని అడిగింది.

“ఇంట్లో కూడు తక్కువవదు. నాను గంజికి ఏడిసినదాన్నే. ఈ పిల్లలకి ఆ గతి రాకూడదు.”

అక్క పెట్టె మూసి తన ఇంటికి తీసుకువెళ్లింది.

రథసప్తమి నాడు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి గిన్నెలో పాలను అంచుతో సమంగా, చుక్క పట్టనంత నిండుగా పోసి పెట్టెలో ఉంచింది. నేను నోరు విప్పబోతే కళ్లతోనే వారించింది. మధ్యాహ్నానికి కాగిన పాలు ఉబ్బి, సన్నని ధారగా అంచు దాటి రేకు మీదికి జారాయి.

నాయనమ్మ గాజుపలక మీదికి వంగి చూసింది. “పీకల్దాకా పోసేసినావు. నాను గుడ్డిదాన్ననుకున్నావేటే?” అని నవ్వి, అక్క బుగ్గ గిల్లింది. “పోనీలే, పొంగినాయి కదా” అంటూ కడిగిన బియ్యం తన చేత్తోనే ఆ పాలలో వేసింది.

అక్క యుక్తి ఆమెను మోసగించలేదు. తన భయాన్ని ఒకరు అడిగి తెలుసుకుని, దానికి మర్యాద చేశారని ఆమెకు తెలిసింది. నాటి నుండి నేటి వరకు, ఎవరి ఆచారాన్నైనా తప్పు పట్టబోయే ముందు, అది వారిని దేని నుండి కాపాడుతున్నదో అడిగి తెలుసుకుంటున్నాను.

ఆ ఏటి ఉగాది నాటికి మా పగటి వంట పెట్టెలోకి మారింది. మబ్బు రోజులలో మాత్రమే కుంపటి వెలిగేది. వైశాఖ పూర్ణిమ నాడు చెల్లెలు వీధి చివరిదాకా ఆగకుండా పరుగెత్తింది.