సుత్తికి కావలసిన బలం

పద్నాలుగేళ్ళుగా నేనొక అంకెను మోస్తున్నాను. సంగతి చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. అది దొంగతనం కాదు, హత్య కాదు. బల్ల మీద ఆడుకునే ఆటలో ఒక సుత్తి గురించి చెప్పిన అబద్ధం. ఇంత చిన్నదాన్ని కూడా ఒప్పుకోలేకపోయినవాడు ఎలాంటి మనిషో మీరే అంచనా వేసుకోండి.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా తెలుగుకు నోరే తప్ప రాత లేదు, ఆ అక్షరాలు ఇంట్లో ఎవరికీ రావు. తెలుగులో మాట్లాడేది ఇంటివాళ్ళే కాబట్టి, తెలుగులో విన్నదాన్ని మావాళ్ళు నమ్మేస్తారు. ఎవరూ సరిచూడరు.

ఆదివారం మధ్యాహ్నాలు పీళమేడులో మా మేడ మీద నలుగురం మగాళ్ళం, మా పిన్ని కూతురు రాజి కలిసి ఆడేవాళ్ళం. పాచికలు వేసి, ఎవరికి వాళ్ళం ఒక వీరుణ్ణి తయారుచేసుకుని, రాక్షసుల మీదికి వెళ్ళే ఆట. వీరుడికి ఎంత బలముందో పాచికలు చెబుతాయి. ఏ ఆయుధం పట్టడానికి ఎంత బలం కావాలో పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం నాది, ఇంగ్లీషులో ఉండేది. మిగతావాళ్ళంతా తమిళ బళ్ళలో చదివినవాళ్ళు. అందుకని నేను చదివి, మా తెలుగులో చెప్పేవాణ్ణి. ఆట నడిపేదీ నేనే. ఏం ఘనకార్యమో! సిమెంటు మూట మెట్లెక్కించలేని నలుగురు మగాళ్ళం, గండ్రగొడ్డలి ఎవరు ఎత్తగలరా అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం.

రాజి వాళ్ళది పిండి రుబ్బే గ్రైండర్లు తయారుచేసే వర్క్‌షాప్. ఒక శనివారం అక్కడికి వెళ్తే, దారికి అడ్డంగా ఉన్న గ్రైండర్ రాయిని పక్కకు పెట్టమంది పిన్ని. వంగాను. రాయి కదల్లేదు. మళ్ళీ వంగాను. రాజి వచ్చి, చున్నీ నడుముకు బిగించి, దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టి తన పని మీద వెళ్ళిపోయింది. పనివాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టి మరిచిపోయేవాణ్ణేమో. నాకు తలకొట్టేసినట్టయింది.

మర్నాడు ఆమె కొత్త పాత్ర కోసం పాచికలు వేసింది. ఆరు, ఆరు, ఐదు. పదిహేడు. మగాళ్ళలో ఎవరి వీరుడూ పదమూడు దాటలేదు. రాజి కాగితం మీద తన వీరనారి బొమ్మ గీసి, చేతిలో ఇంత పెద్ద సుత్తి పెట్టింది. నేను పుస్తకం తెరిచాను. ఆ సుత్తికి పదిహేను అని ఉంది.

“దీనికి పద్దెనిమిది కావాల,” అన్నాను.

“పుస్తకంలో అట్లానే ఉండాదా అన్నా?”

“ఉండాది.”

“సరి, విడు. కత్తి ఇయ్యి నాకు.”

పుస్తకం చూపించమని కూడా అడగలేదు. అన్న చెప్పాడు, అంతే. ఆ చిన్న కత్తితో ఆమె వీరనారి వంతెన దగ్గర రాక్షసుడికి ఎదురు నిలిచి మూడో దెబ్బకు చచ్చిపోయింది. మా మగవీరులు ఈలలు వేశారు. రాజి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాతి ఆదివారం రాలేదు, మరెప్పుడూ రాలేదు. పని ఎక్కువగా ఉందని చెప్పింది. నాకు హాయిగా అనిపించింది. అవును, హాయిగానే. అదీ దాచను.

ఆటే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆటే అయితే, ఆ పేజీ ఇంకెవరికీ కనిపించకుండా ఇన్నేళ్ళు ఎందుకు జాగ్రత్తపడ్డాను?

రాజి ఇప్పుడు పెళ్ళయి పొల్లాచ్చిలో ఉంటోంది. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పదేళ్ళ కూతురు, పక్కింటి పిల్లలు నేలమీద కూర్చుని మా ఆటే ఆడుతున్నారు. నేర్పింది రాజి. నా నోట విన్న నియమాలన్నీ గుర్తుపెట్టుకుని నేర్పింది. పాపకు పదహారు పడింది. సుత్తి కావాలంది.

“పద్దెనిమిది ఉంటేనే సుత్తి. మామ పుస్తకంలో చూసి చెప్పినాడు,” అంది రాజి.

పాప ఇంగ్లీషు బళ్ళో చదువుతోంది. నావైపు తిరిగింది. “ఆ పుస్తకం ఉండాదా మామా? నేనే చదివి చూస్తాను.”

“చెదలు తినేసినాయి, కణ్ణు,” అన్నాను.

పాప తన కాగితం మీద సుత్తి అన్న మాట కొట్టేసి కత్తి అని రాసుకుంది.

పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. చెద ముట్టలేదు. పొల్లాచ్చి బస్సెక్కితే ఈ సాయంత్రానికి ఆ పిల్ల చేతిలో పెట్టొచ్చు. ఎక్కను. నా పిరికితనం నాకు తెలుసు.

తెలుగు అక్షరాలు నేను ఈమధ్యే కూడబలుక్కుని నేర్చుకున్నాను. భాషాభిమానమని చుట్టాలంతా మెచ్చుకున్నారు. మీకు మాత్రం నిజం చెబుతాను. మా ఇంట్లో ఎవరూ చదవలేని రాత ఇదొక్కటే. రాజికి రాదు, ఆమె కూతురికీ రాదు. మగతనం సంగతి దేవుడెరుగు, కాస్త మనిషితనం ఉన్నా ఇది తమిళంలో రాసేవాణ్ణి. అయినా, రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

ఆ సుత్తికి పదిహేను చాలు. రాజికి పదిహేడు ఉండింది.