గుప్తకాలం బాబాయి

మా బాబాయి దృష్టిలో ఈ లోకంలో ఏదీ ఇప్పుడే మొదలవదు. అన్నీ ఎప్పుడో మొదలై, లోపల నక్కి ఉంటాయి. అంటురోగాల ఆస్పత్రి ల్యాబులో ముప్ఫయ్యేళ్లు రక్తపరీక్షలు చేసిన మనిషి మరి! అక్కడ అంటుకున్న మాట "గుప్తకాలం". రోగం ఒంట్లో దూరిన రోజుకీ, బయటపడ్డ రోజుకీ మధ్య ఉండే వ్యవధి అన్నమాట.

కొత్త ఫ్యాను హాయిగా తిరుగుతుంటే "గుప్తకాలంలే" అనేవాడు. నా పెళ్లయిన వారానికి మా ఆయన్ని ఎగాదిగా చూసి, "అల్లుడు మంచివాడిలాగే ఉన్నాడు. లక్షణాలు బయటపడ్డానికి టైము పడుతుందిలే" అన్నాడు. పాపం, మా ఆయన ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు.

"అంటే ఆలస్యమనేగా బాబాయ్?" అంటే మండిపడేవాడు.

"ఆలస్యమంటే ఇంకా రాకపోవడం. గుప్తకాలమంటే వచ్చేసి కూడా కనబడకపోవడం. బస్సు రాకపోతే గుప్తకాలమంటావా, నీ మొహం!"

మాతోనే ఉండే అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నాలుగోరోజే ఆఫీసుకెళ్లాను. "రాతిగుండె" అన్నారు చుట్టాలు, నాకు వినబడేలాగే. అమ్మంటే నాకసలు ప్రేమే లేదేమోనని నాకూ భయం పట్టుకుంది. ఎవరితో చెప్పుకోను? బాబాయి ఒక్కడే ఏమీ అనలేదు. చివరికి "గుప్తకాలం" అని కూడా అనలేదు.

చుట్టాలు వెళ్లాక మాత్రం రోజూ సాయంత్రం ఆరింటికి స్క్రూడ్రైవరుతో దిగేవాడు. "తలుపు గడియ వదులైందే అమ్మాయ్" అంటూ బిగించేవాడు, టీ తాగేవాడు, మా ఆయన ఇంటికొచ్చేదాకా కూర్చుని, వెళ్తూ వెళ్తూ నా కళ్లుగప్పి మళ్లీ వదులు చేసేవాడు. అలా వచ్చిన మూడోరోజే చూశాను. చాదస్తం ముదిరిందనుకుని ఊరుకున్నాను.

అమ్మ పోయిన ఇరవయ్యారో రోజు ఆరున్నరకి నా ఫోన్లో అలారం మోగింది. అమ్మ బీపీ మాత్ర వేళ. రోజూ మోగేదే, రోజూ నొక్కేసేదాన్నే. ఆరోజెందుకో గ్లాసుతో నీళ్లు పట్టుకుని అమ్మ గదిలోకి నడిచాను. మంచం ఖాళీ. అక్కడే కూలబడి భోరుమన్నాను.

బాబాయి గడియ వదిలేసి వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. ఊరుకోమనలేదు. చాలాసేపటికి తనూ ముక్కు చీదుకుని, వేళ్లమీద లెక్కపెట్టి, "ఇరవయ్యారు రోజులా! టైఫాయిడ్ కూడా మామూలుగా ఇన్నాళ్లు దాక్కోదే" అన్నాడు.

ఏడుస్తూనే నవ్వొచ్చేసింది. "ఇందుకా రోజూ వచ్చావు?"

"మరి? అది బయటపడే వేళకి ఇంట్లో ఎవరో ఒకరుండాలిగా."

"బయటపడిందిగా. ఇక రేపట్నుంచి రావా?"

"ఎందుకు రాను? కోలుకోవడం ఇప్పుడేగా మొదలు! దానికి ఎన్నాళ్లు పడుతుందో ఏ పుస్తకంలోనూ రాయలేదు. లే, లేచి టీ పెట్టు."