ఎడమకు తిరగలేని మా తెల్ల కారు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియని విషయాలు చాలా తక్కువ ఉంటాయి. పైగా నాకు శ్రీ సిటీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. యంత్రాలు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసి కాగితం మీద టిక్కు పెట్టడం నా పని. (తిరగకపోతే బాగుచేసేవాళ్లు వేరే ఉండేవారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.) దాంతో నగరిలోని మా ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి మరమగ్గాల దాకా దేనికి జబ్బు చేసినా నేనొక అభిప్రాయం ప్రకటించేవాణ్ణి. ఆ అభిప్రాయాలన్నిట్లోకీ గట్టిది మా తెల్ల కారు గురించి. అది ఇక రోడ్డెక్కకూడదు.

ఆ కారు నాకంటే రెండేళ్లు పెద్దది. నాయన దాన్ని వేలూరులో ఎవరో వాడి వదిలేశాక కొన్నాడు. మనుషుల కంటే ఎక్కువగా మా మగ్గాల మీద నేసిన లుంగీల మూటల్ని మోసింది కాబట్టి, ఎక్కి కూర్చుంటే గంజి వాసన వచ్చేది. మూడో గేరు వేయాలంటే నాయన ఒకసారి కళ్లు మూసుకుని పళ్లు బిగించాలి. కిటికీ అద్దాలు దించవచ్చు గానీ ఎత్తడానికి ఇద్దరు కావాలి. అయినా నాయనకు అదంటే ప్రాణం. అలాంటి కారులో కన్యాకుమారి పోదామన్నాడు. పెళ్లైన కొత్తలో అమ్మకు మూడు సముద్రాలు కలిసేచోటు చూపిస్తానని మాట ఇచ్చాడట. పాతికేళ్లు దాటాక ఆ మాట ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

"అద్దె కారు మాట్లాడతా నాయనా, ఏసీ ఉంటాది" అన్నాను.

"ఇంట్లో బండి పెట్టుకోని అద్దె బండెందుకురా? దానికేం తక్కువ?"

"తక్కువ కాదు, ఎక్కువే, వయసు. కాలం అయిపోయిన బండి అది. పక్కన పెట్టేయాల."

నెల రోజులు ఇదే గొడవ. పొద్దున నేను ఉద్యోగానికి పోయే ముందు కొంత, రాత్రి భోజనాల దగ్గర మిగతాది. అమ్మ ఇద్దరికీ వడ్డిస్తూ ఏమీ అనేది కాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కారు అలిపిరి దాకా వెళ్లి ఎక్కడా ఆగకుండా తిరిగొస్తే కన్యాకుమారికి అదే వస్తుంది. దారిలో ఒక్కసారి ఆగినా అద్దె కారు.

పరీక్ష రేపనగా నాయన కారును వైద్యం చేయించడానికి పుత్తూరు తీసుకుపోయాడు. మెకానిక్కు దగ్గరికి కాదు. మా మామ దగ్గరికి. ఆయన అమ్మకు అన్న, విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. స్టీరింగు కడ్డీ వదులై గడగడలాడుతోందని నాయన చెప్తే, మామ కారులో తల దూర్చి, ఆ కడ్డీని పైనుంచి కింద దాకా వేళ్లతో నొక్కుతూ, ఎక్కడ నొప్పెడుతోందో చూస్తున్నట్టు కారు ముఖంలోకి చూశాడు.

"విరగలే బావా, బెణికింది" అన్నాడు. అని, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, మనిషి ముంజేతికి కట్టినట్టే బిగించి కట్టేశాడు. (ఆకు పసరు, కోడిగుడ్డు సొన కూడా రాశాడు. ఎందుకు మామా అంటే, అలవాటు అన్నాడు.)

"పథ్యం ఏమన్నా ఉండాదా?" అని నాయన అడిగాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

"ఎత్తుపల్లాలు తగ్గించాల. నలభై దినాలు కట్టు విప్పగూడదు."

మర్నాడు పొద్దున్నే నాయన స్టీరింగు ముందు, నేను పక్కన, అమ్మ వెనక సీట్లో పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని బయల్దేరాం. కడ్డీ గడగడ నిజంగానే పోయింది. నా అద్దె కారు చేజారేట్టుంది. పుత్తూరులో మొదటిసారి ఎడమకు తిరిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. హారన్ తీగ కట్టు కింద ఇరుక్కున్నట్టుంది, స్టీరింగు ఎడమకు కాస్త ఎక్కువగా తిప్పితే చాలు, హారన్ దానంతటదే మోగుతోంది. అది మామూలు మోత కాదు, దూడ దూరమైన ఆవు అరుపు. రోడ్డు పక్క ఇడ్లీలు తింటున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఆపి కట్టు విప్పు నాయనా."

"ఆపితే నువ్వు గెలిచినట్టు. విప్పితే మీ మామకు కోపం. కుడి పక్కకు మోగడం లేదు గదా, ఇంకేంది?"

తిరుపతి దాకా రోడ్డు దాదాపు తిన్నగా ఉండబట్టి బతికిపోయాం. ఊళ్లోకి వచ్చాక నాయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఇక ఎడమకు తిరగడు. ఎడమకు పోవాల్సిన చోటల్లా కాస్త ముందుకు పోయి, కుడికి, మళ్లీ కుడికి, మళ్లీ కుడికి తిరిగి అదే దారిలో పడేవాడు. చెప్పడానికి బాగానే ఉంది గానీ, తిరుపతి వీధులు ఈ లెక్క ప్రకారం వేసినవి కావు. ఒక పూలమ్మే ఆమె ముందు నుంచి మూడుసార్లు పోయాం. మూడోసారి ఆమె మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. ఒక ఆటో అతను పక్కకొచ్చి, "దావ తెలీలేదా పెద్దాయనా?" అని అడిగాడు.

"తెలుసప్పా. ఎడమ పక్క పోలేము, అంతే" అన్నాడు నాయన ఎంతో మర్యాదగా. ఆటో అతను అదేదో మొక్కు అనుకున్నట్టున్నాడు, దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

అలా కుడికి కుడికి పోయి, అలిపిరిలో వెనక్కి మళ్లాల్సిన చోట మళ్లలేక, కొండకు పోయే బండ్ల వరుసలో ఇరుక్కున్నాం. ముందు బస్సు, వెనక బస్సు. తనిఖీ దగ్గర ఒకాయన కారు చుట్టూ తిరిగి, లోపలికి వంగి, స్టీరింగు కింద కట్టు చూసి ఆగిపోయాడు.

"ఏందిది?"

"పుత్తూరు కట్టు సార్" అన్నాడు నాయన.

"ఎవరికి?"

"బండికి."

ఆయన కట్టును వేలితో ఒకసారి నొక్కి చూశాడు. "ఏ కాలం బండి ఇది?" అన్నాడు.

"మావోడి కంటే రెండేండ్లు పెద్దది సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేనెందుకో సిగ్గుపడ్డాను. "ఇంత పాత బండిని కొండకు పంపం పెద్దాయనా. ఎనక్కి తిప్పుకో."

"యా పక్క తిప్పేది?"

"అదో, ఎడమ పక్క దావ ఉండాది సూడు."

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. నాయన దేవుణ్ణి తలుచుకుని స్టీరింగు ఎడమకు తిప్పాడు. కారు కొండంతా వినబడేలా అరిచింది. నడక దారి వైపు పోతున్న భక్తుల గుంపొకటి ఉలిక్కిపడి, ఆ ఊపులోనే "గోవిందా!" అని కేకేసింది. కారు మళ్లీ అరిచింది. వాళ్లు మళ్లీ గోవిందా అన్నారు. మలుపు పూర్తయ్యేసరికి ఇరువైపులా మంచి పొత్తు కుదిరింది.

మలుపు దాటగానే వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "ఆపండి."

"ఆపితే వాడు..."

"ఆపమంటా ఉంటే!"

నాయన ఆపాడు. "ఆగింది!" అని నేను అరిచాను. "ఆగలే, నేను ఆపినా" అని నాయన అరిచాడు. అమ్మ మా ఇద్దర్నీ పట్టించుకోకుండా దిగి, చెట్టు పక్కకు పోయి వాంతి చేసుకుంది. నీళ్లు పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుని వచ్చింది.

"నాకు కారు పడదు" అంది. "ఈ కారని కాదు, ఏ కారూ పడదు. పెండ్లైనప్పట్నుంచి కండ్లు మూసుకోని కూసుంటా ఉంటే భక్తి అనుకున్నారు ఇద్దురూ. నెల దినాలుగా ఈ కారా, ఆ కారా అని కొట్లాడుకుంటా ఉండారే, నన్ను ఒక మాట అడిగినారా? నేను రైల్లో పోతా. మీకు కావాలంటే కుడి పక్కనే తిరుక్కుంటా రండి, యాడో ఒక చోట కలుసుకుందాం."

రైల్లోనే పోయాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా కళ్లు తెరుచుకుని చూసింది. గేట్ల దగ్గర ఆగిన బండ్లను చూసి నాయన, "దాని క్లచ్చు పోతాది సూడు" అంటూ వాటి జాతకాలు చెప్పాడు.

కన్యాకుమారిలో అమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంటే, మేమిద్దరం చెప్పులూ తువ్వాళ్లూ పట్టుకుని గట్టున కూర్చున్నాం. గెలిచినవాడు ఎవడూ లేడు కాబట్టి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"నాయనా, ఆ దినం కారు దావలో ఆగిపోవాలని మొక్కుకున్నా."

"నేనూ అంతే" అన్నాడు.

నేను తువ్వాళ్లు వదిలేసి ఆయన వైపు తిరిగాను.

"ఇంత దూరం తోలే ఓపిక నాకు యాడుండాదిరా? ఎదురుగా లారీ వస్తే రెండు లారీలు కనబడతా ఉండాయి."

"మరి అద్దె కారంటే వద్దంటివే?"

"కాలం అయిపోయింది, పక్కన పెట్టేయాల అని నువ్వు దినామూ అంటా ఉంటివి. వింటా ఉంటే నాకు రోషం రాదా?"

నేను పడి పడి నవ్వాను. కారు ఎక్కకూడదని ముగ్గురమూ అనుకుంటూ, ముగ్గురమూ ఎక్కి తిరుపతి అంతా కుడికే తిరిగాం మరి. అమ్మ నీళ్లలోంచి వెనక్కి తిరిగి, "ఏందిరా మీలో మీరే నవ్వుకుంటా ఉండారు?" అని అరిచింది. రెండు లారీల సంగతి చెప్తే ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. ఒక పూట కారు తోలితే మెడ పట్టేస్తోంది, ఎవరికీ చెప్పడం లేదు. ఆ రోజు నాయన చెప్పినవాటిలో రెండు లారీల మాటే నా చెవిన పడింది. రోషం మాట ఇన్నేళ్లకు, ఈ మధ్యే వినబడింది. ఆ ఇరవై మూడేళ్ల సర్వజ్ఞుణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది గానీ, ఆ గట్టు మీద నవ్వినంత గట్టిగా రాదు.